రైల్వే గేటు దగ్గర ఆగిన బండ్లకు దీపాలు

(సికింద్రాబాద్‌లో జరిగిన మన ఆదివారం సమావేశంలోని ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకు రండి. ఇవాళ నేను చూపించేవన్నీ బియ్యపుగింజ కంటే చిన్నవి. అంత దూరంలో కూర్చుంటే మీకు నా చెయ్యి తప్ప ఏమీ కనపడదు. రండి, కుర్చీలు లాక్కోండి. ఫ్యాను మాత్రం ఆపేయండి బాబూ, అది తిరిగితే నా సామానంతా ఎగిరిపోతుంది. నిజంగానే చెప్తున్నాను, ఎగిరిపోతుంది.

రైలు లేఅవుట్ మీద, అంటే మనం ఇంట్లో కట్టుకునే బొమ్మ రైళ్ళ ఊరి మీద, బండ్లకు లైట్లు పెట్టడం గురించి నన్ను మాట్లాడమన్నారు. రైలుకు కాదు, బండ్లకు. కారు, ఆటో, బస్సు, లారీ, స్కూటరు. మనలో ఇంజనుకు హెడ్‌లైటు పెట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు. స్టేషనుకు లైట్లు పెడతాం, సిగ్నళ్ళకు పెడతాం. గేటు దగ్గర ఆగిన కారు మాత్రం చీకట్లో అలా నల్లగా పడి ఉంటుంది. గదిలో లైటు ఆపగానే రోడ్డంతా మాయం. పట్టాలు, స్టేషను మిగులుతాయి, ఊరు పోతుంది.

మా ఇంట్లో లేఅవుట్‌కి ఒక మూల రైల్వే గేటు ఉంది. 1980ల నాటి మన ఊరి శివారు అనుకోండి. సాయంత్రం ఏడు గంటలు. గేటు పడింది. పడగానే ఏమవుతుంది? మీ అందరికీ తెలుసు. ఎడమ పక్క ఒక వరసలో ఆగాలి కదా, ఆగుతారా? ముందు ఒక ఆటో కుడి పక్కకు దూరతాడు. వాడి వెనక ఇంకో స్కూటరు. అవతల వైపూ అంతే. గేటు ఎత్తేసరికి రోడ్డు మొత్తం ఇటు నుంచి ఒక గోడ, అటు నుంచి ఒక గోడ. హెడ్‌లైటుకు ఎదురుగా హెడ్‌లైటు. నాకు ఆ సీను కావాలి. ఆ సీనుకు లైట్లు లేకపోతే ఏముంది చెప్పండి?

రైలు లేఅవుట్‌లో బస్సుకేం పని అని కొంతమంది అంటారు. అసలు ఈ ఊళ్ళో బస్సులు మొదలుపెట్టిందే రైల్వే అండీ. 1932లో, నిజాం స్టేట్ రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ అని, 27 బస్సులతో. ఆ తర్వాత ఆర్టీసీ బస్సుల నంబరులో జెడ్ అక్షరం ఉండేది గుర్తుందా? అది నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. కాబట్టి బస్సు పరాయిది కాదు, రైలుకు తమ్ముడి లెక్క.

సరే, పనిలోకి వద్దాం. మనం చేసేది హెచ్‌ఓ కొలత, 1:87, అంటే అసలు బండిలో 87వ వంతు. ముందు ఒక చిన్న లెక్క. అంబాసిడర్ కారు గుండ్రటి హెడ్‌లైటు ఏడంగుళాలు, అంటే 178 మిల్లీమీటర్లు. 87తో భాగించండి. ఎంత? రెండు మిల్లీమీటర్లు. ఇంచుమించు రెండు. మామూలుగా దొరికే చిన్న ఎల్‌ఈడీ ఎంత? మూడు మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరే కదా అని దాన్ని దూర్చేస్తారు. తిరిగి 87తో గుణించండి. 26 సెంటీమీటర్లు! అన్నం పళ్ళెమంత హెడ్‌లైటు పెట్టుకుని ఏ కారైనా తిరుగుతుందా? చూసేవాడు లెక్క వెయ్యడు. కానీ ఏదో తేడాగా ఉందని కంటికి తెలిసిపోతుంది.

అందుకే ఈ పొడి ఎల్‌ఈడీలు. దీన్ని 0603 అంటారు, 1.6 మిల్లీమీటర్ల పొడుగు, 0.8 వెడల్పు. ఇదిగో ఇది 0402. ఒక మిల్లీమీటరు పొడుగు, అర మిల్లీమీటరు వెడల్పు. కనిపించిందా? లేదా? ఈ నల్ల కాగితం మీద పెడతాను, ఇప్పుడు చూడండి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి. పట్టీలుగా ఇస్తారు, కత్తిరించి అమ్ముతారు. ఎన్ని కావాలో అంతకు రెట్టింపు తెచ్చుకోండి. సగం సోల్డరింగులో పోతాయి, కొన్ని తుమ్మితే పోతాయి. నేను తుమ్మి పోగొట్టుకున్నవే ఒక బస్సుకు సరిపోతాయి.

తెల్ల ఎల్‌ఈడీని ఆర్పి ఉన్నప్పుడు భూతద్దంలో చూడండి. పసుపు రాసినట్టు ఉంటుంది. ఎందుకో తెలుసా? లోపల ఉన్నది తెల్లది కాదు, నీలం. దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలం కనిపెట్టడానికే ప్రపంచం అంతకాలం ఆగింది. ఎరుపు, ఆకుపచ్చ ఎప్పటి నుంచో ఉన్నాయి. అకసకి, అమానో, నకమురా అని ముగ్గురు సాధించారు, 2014లో నోబెల్ వచ్చింది. అంతకు ముందు మనవాళ్ళు ఏం వాడేవారు? గోధుమగింజ బల్బులని, లోపల ఫిలమెంటు ఉండేవి. అవి వేడెక్కి ప్లాస్టిక్ కారు మూతి వంకర పోయేది. మాడిపోతే కారు పగలగొట్టి మార్చాలి. నా దగ్గర అలాంటి కారు ఒకటి ఇంకా ఉంది, మూతి వంకరతో.

కొనేటప్పుడు వార్మ్ వైట్ అని అడగండి. ఆ కాలపు కార్లకు పసుపు వెలుగే. చల్ల తెలుపు పెడితే మొన్న షోరూం నుంచి వచ్చిన కారులా ఉంటుంది. ఒకసారి ఒక షాపువాడు వార్మ్ అని చెప్పి వంద చల్లవి అంటగట్టాడు. ఇంటికొచ్చి వెలిగిస్తే ఆసుపత్రి వరండాలా ఉంది. పారేయలేదు. పారదర్శకంగా ఉండే నారింజ రంగు సన్నగా ఒక పూత వేశాను, సరిపోయింది.

ఇప్పుడు నేను చేసిన మొదటి కారు సంగతి చెప్తాను. అంబాసిడరే. ఎల్‌ఈడీ కాగితంలో 20 మిల్లీఆంపియర్లు అని రాసి ఉంది. నేను చదువుకున్నవాణ్ణి కదా, లెక్క కట్టాను. 12 ఓల్టుల్లోంచి తెల్ల ఎల్‌ఈడీకి మూడు తీసేస్తే తొమ్మిది. తొమ్మిదిని 20 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 450. దగ్గర్లో దొరికే రెసిస్టరు, అంటే కరెంటును తగ్గించే ముక్క, 470 ఓంలు. పెట్టాను. గదిలో లైటు ఆపి స్విచ్చి వేశాను. ఏమయిందంటారు? హెడ్‌లైట్లు వెలిగాయి. బానెట్ వెలిగింది. తలుపులు వెలిగాయి. పైకప్పు వెలిగింది. కారు మొత్తం కార్తీకమాసం ఆకాశదీపంలా వెలుగుతోంది! మా మనవరాలు పక్కనే ఉంది. "తాతా, కారు కాలిపోతోందా?" అంది.

ఆ పిల్ల అడిగిన ఆ ఒక్క మాట మీదే ఈ ప్రసంగం అంతా నడుస్తుంది. బండికి లైటు వెలిగించడం తేలికే. ఆ వెలుగును వద్దన్న చోట ఆపడం, ఉన్నదాన్ని తగ్గించడం, కష్టమంతా అక్కడే. మన ఊళ్ళో ఆ రోజుల్లో రాత్రులు ఎలా ఉండేవి? గుర్తు తెచ్చుకోండి. ఇప్పటిలా పట్టపగలులా ఉండేవి కావు. బండి లైటు ఎదుటి మనిషి కాళ్ళ దాకా పడేది, మొహం దాకా పడేది కాదు.

వెలుగు తగ్గించడం రెసిస్టరు పని. నేను ఇప్పుడు 470 వాడను. పది కిలో ఓంలు వాడతాను. అవును, పదివేల ఓంలు. తొమ్మిది ఓల్టులను పదివేలతో భాగిస్తే ఒక మిల్లీఆంపియరు కూడా రాదు, 0.9. కాగితంలో రాసినదాంట్లో ఇరవయ్యో వంతు కూడా కాదు. వెలుగుతుందా అంటారా? వెలుగుతుంది, చీకట్లో సరిగ్గా సరిపోయేంత వెలుగుతుంది. ఎరుపుకు రెండు ఓల్టులే పడుతుంది కాబట్టి అదే రెసిస్టరుతో ఒక మిల్లీఆంపియరు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. రెండు ఎల్‌ఈడీలను పక్కపక్కన కలిపి ఒకే రెసిస్టరు పెట్టకండి. ఒకే పట్టీలోవైనా ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. ఒకటి కరెంటు ఎక్కువ లాగేస్తుంది, రెండోది కునుకుతుంది. ఒక కన్ను మూసుకున్న కారు తయారవుతుంది. ఎల్‌ఈడీకి ఒక రెసిస్టరు. రెసిస్టరు ధర ఎంత? దానికి కూడా పీనాసితనమా?

స్కూటరు సంగతి వేరు. పాత స్కూటర్లకు హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, ఇంజను తిప్పే మాగ్నెటో మీద నడిచేది. ఆక్సిలేటర్ ఇస్తే వెలుగు, వదిలితే మినుకుమినుకు. నడిపినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగం మంది! మరి గేటు దగ్గర ఆగిన స్కూటరుకు ఎంత వెలుగుండాలి? దానికి నేను 47 కిలో ఓంలు పెట్టాను. పక్కన కారు, ముందు స్కూటరు, రెండింటి వెలుగుకూ తేడా కనిపిస్తుంది. ఆ తేడా చూసి ఒకాయన, మీలోనే ఉన్నారు, "అరె, ఇది మా నాన్న స్కూటరు" అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి?

ఇంకోటి. ఆ రోజుల్లో హెడ్‌లైటు అద్దం పై సగం నల్లరంగు వేసేవారు, ఎదుటివాడి కళ్ళలో పడకుండా. రెండు మిల్లీమీటర్ల అద్దం మీద పై సగం నలుపు. సున్నా నంబరు బ్రష్షు, ఒక్క చుక్క. అది వెయ్యగానే కాలం మారిపోతుంది. మీరే చూస్తారు కాసేపట్లో.

ఇప్పుడు వెలుగు ఆపడం. బండి పైభాగం విప్పి లోపల అంతా నల్లరంగు. ఒక పూత చాలదు, ఎండాక రెండోది. ఎండాక లోపల ఎల్‌ఈడీ పెట్టి చీకట్లో తిప్పి చూడండి. ఎక్కడో ఒక సూదిమొనంత సందు నుంచి వెలుగు వస్తుంది. అక్కడ ఇంకో చుక్క. లోపల లైటు కావాలనుకున్న బస్సులాంటి వాటికి నలుపు మీద తెలుపు వెయ్యండి. వరస తప్పకూడదు. ముందు నలుపు, తర్వాత తెలుపు. నలుపు ఆపుతుంది, తెలుపు లోపలే తిప్పికొడుతుంది. బస్సు లోపలి లైటు డ్రైవరు క్యాబిన్‌లోకి, హెడ్‌లైటులోకి పాకుతుంది. మధ్యలో నల్ల కాగితం గోడ పెట్టండి.

లోహపు బండి అయితే తీగలు దానికి తగిలి షార్ట్ అవుతాయి, లోపల టేపు వెయ్యాలి. అంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు.

సోల్డరింగు. అందరూ భయపడేది దీనికే. నేనూ భయపడ్డాను. తీగ ఏది? మోటారు వైండింగు తీగ. 42 గేజి, అంటే 0.1 మిల్లీమీటరు, తల వెంట్రుక కంటే కాస్త లావు. రాణీగంజ్‌లో వైండింగు సామాను దొరికే చోట అడగండి. వాళ్ళు కిలోల్లో అమ్మేవాళ్ళు, మీరు పది మీటర్లు అడిగితే మిమ్మల్ని కింద నుంచి పైదాకా చూస్తారు. చూడనివ్వండి.

ఈ తీగ మీద వార్నిష్ ఉంటుంది, అదే ఇన్సులేషను. సోల్డరింగ్ ఐరన్ మొన మీద ఒక సీసం బొట్టు నిలబెట్టండి. తీగ చివర రెండు మిల్లీమీటర్లు ఆ బొట్టులో ముంచండి. చిన్న పొగ వస్తుంది, వార్నిష్ కాలి చివర వెండిలా మెరుస్తుంది. మెరవకపోతే బ్లేడుతో గీకండి. తర్వాత రెండు వైపులా అంటుకునే టేపు బల్లకు అతికించి, దాని మీద ఎల్‌ఈడీని బోర్లా పెట్టండి. వెల్లకిలా కాదు, బోర్లా. కింది వైపు తీగ అతికించడానికి రెండు బంగారు రంగు మెట్టలు కనిపిస్తాయి. ఫ్లక్స్, అంటే సీసం బాగా అతుక్కోవడానికి రాసేది, పుల్లతో తాకించండి. మెట్ట మీద తీగ ఆనించి, ఐరన్‌తో ఇలా... అయిపోయింది. అంతే. "ఒకటి" అనేలోపు చెయ్యి వెనక్కి రావాలి. రెండు అన్నారంటే ఎల్‌ఈడీ పోయినట్టే. ఐరన్‌కు అతుక్కుని లేస్తే కంగారు పడకండి, ఫ్లక్స్ చాలలేదని అర్థం.

ఏది ప్లస్సు, ఏది మైనస్సు? కింద ఒక ఆకుపచ్చ గుర్తు ఉంటుంది, కానీ దాన్ని నమ్మకండి, తయారీదారుడిని బట్టి మారుతుంది. మల్టీమీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి చూడండి. కొన్ని మీటర్లకు తెల్లది వెలిగించే ఓల్టేజీ ఉండదు, అప్పుడు మూడు ఓల్టుల బిళ్ళ బ్యాటరీ. తెలిసిన వెంటనే ప్లస్ తీగ చివర గుర్తు పెట్టేయండి. నేను మా ఆవిడ గోళ్ళరంగు వాడతాను. ఆవిడ ఇవాళ రాలేదు కాబట్టి చెప్తున్నాను.

అతికించడానికి క్షణంలో అంటుకునే గమ్ వాడకండి. నా రెండో కారు అలాగే పోయింది. రాత్రి అతికించి పైకప్పు మూసి పడుకున్నాను. పొద్దున చూస్తే అద్దాలన్నీ తెల్లగా, లోపల పొగమంచు పట్టినట్టు. ఆ గమ్ ఆవిరి బయటికి పోలేక అద్దాల మీద పేరుకుంది. ఎంత తుడిచినా పోలేదు. వడ్రంగులు వాడే తెల్ల గమ్ చాలు. ఆరితే అద్దంలా అవుతుంది. హెడ్‌లైటు కన్నంలో ఒక చుక్క వేస్తే అదే లెన్సు.

స్కూటరు, మోటారుసైకిలు లోపల ఎల్‌ఈడీకి చోటుండదు. అక్కడ వెలుగును మోసుకెళ్ళే అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ఫైబరు. ఎల్‌ఈడీ రోడ్డు కింద ఉంటుంది, ఫైబరు పైకి వస్తుంది. ఫైబరు కొసను వేడి ఐరన్ దగ్గరికి, తాకించకుండా, దగ్గరికి మాత్రం తీసుకెళ్ళండి. చూస్తూ ఉండండి... ఇదిగో, కొస ముడుచుకుని పుట్టగొడుగులా ఉబ్బింది. హెడ్‌లైటు అద్దం తయారు. ఇది ఎన్నిసార్లు చేసినా నాకు ముచ్చటే.

లారీకి ఒకటి అదనంగా పెట్టాను. క్యాబిన్‌లో దేవుడి ఫోటో, దాని ముందు ఎర్ర బల్బు. అది లేని లారీని మీరెప్పుడైనా చూశారా? బయటి నుంచి ఫోటో కనపడదు. కానీ లోపల ఒక ఎర్రటి మసక కనపడుతుంది, చాలు.

కుడి పక్కకు దూరిన ఆటో ఉంది కదా, దానికి ఇండికేటరు. నిజం బండ్లలో నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది. దానికి లైటును వెలిగించి ఆర్పే 555 అనే ఐసీ, 1972 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ అదే. పది కిలో ఓంలు, 47 కిలో ఓంలు, పది మైక్రోఫారడ్ కెపాసిటరు. నిమిషానికి 83 వస్తుంది. అయితే అన్ని బండ్లకూ పెట్టకండి. ఒక్కదానికే. అన్నీ కొట్టుకుంటే గణేశ్ మండపం సీరియల్ లైట్లయిపోతుంది, రైలును ఎవరూ చూడరు.

కరెంటు ఎక్కడి నుంచి? పట్టాల నుంచి మాత్రం తీసుకోకండి. మామూలు డీసీ కంట్రోలరు అయితే రైలు వేగం పెంచితే బండ్ల లైట్లు పెరుగుతాయి, రైలు స్టేషన్లో ఆగితే ఊరంతా కరెంటు కోత. అది మన 1980లకు సరిపోతుందనుకోండి, అయినా వద్దు. డిజిటల్ కంట్రోలరు అయితే పట్టాల్లో కరెంటు దిశ క్షణానికి వేలసార్లు తిరగబడుతుంది, ఎల్‌ఈడీలు ఉల్టా ఓల్టేజీ ఎక్కువ తట్టుకోలేవు. మీ ఇంట్లో పాత రూటరు అడాప్టరు ఉంటుంది చూడండి, 12 ఓల్టులు, ఒక ఆంపియరు. నా గేటు దగ్గర పద్నాలుగు బండ్లు, 31 ఎల్‌ఈడీలు. అన్నీ కలిపి 30 మిల్లీఆంపియర్ల దగ్గర. దానికి లెక్కే కాదు.

పద్నాలుగు బండ్లకు 31 ఏనా అని అడగాలి మీరు. అడగలేదు. చూసేవాడు ఒక వైపే నిలబడతాడు కదండీ. అటు తిరిగిన బండికి వెనక ఎర్ర లైట్లు చాలు, ఇటు తిరిగిన బండికి ముందువి చాలు. కనపడని లైటుకు ఎందుకు కళ్ళు పొడుచుకోవడం? తీగలు టైరు వెనక నుంచి ఒక మిల్లీమీటరు కన్నం ద్వారా రోడ్డు కిందికి. టైరు కప్పేస్తుంది.

కదిలే బండ్ల సంగతి అడుగుతారని తెలుసు. జర్మనీవాళ్ళు, ఫాలర్ కంపెనీ, 1989లో తెచ్చారు. రోడ్డు కింద ఇనుప తీగ, బండి ముందు ఇరుసుకు అయస్కాంతం, లోపల బ్యాటరీ. హాంబర్గ్‌లో మినియేచర్ వండర్‌ల్యాండ్‌లో ఫైరింజన్లు లైట్లు కొట్టుకుంటూ తిరుగుతాయి. నేను ఆ జోలికి పోలేదు. మన గేటు దగ్గర బండ్లు ఎలాగూ కదలవు.

సరే. ఆ ట్యూబులైటు ఆపండి బాబూ. కిటికీ తెర కూడా. ఒక నిమిషం కళ్ళకు చీకటి అలవాటు పడనివ్వండి. వేస్తున్నాను... అదిగో. స్కూటరు చూడండి, ఎంత మసగ్గా ఉందో. లారీలో ఎరుపు కనిపిస్తోందా? బస్సు వెనక... ఏమిటీ? ఆటోనా? ఇండికేటరు కొట్టుకోవట్లేదా? నిన్న రాత్రి పదకొండింటిదాకా కొట్టుకుందండీ! ఆటోలో తెచ్చాను దీన్ని, గుంతలకు తీగ ఊడినట్టుంది. లైటు వెయ్యండి, లైటు వెయ్యండి. ఆ ఐరన్ ఇంకా వేడిగానే ఉందా? ఇలా ఇవ్వండి.